కత్తెర యెవరి చేతిది?

అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ మంజీరానది కడ్డముగా మూడు కిలోమీటర్ల పొడవున సాగిన నిజాంసాగరు కట్టమీద, షట్టర్లెత్తిన దినములలో, నీటిని చూచువారికంటె నీటిని వీడియో తీయువారే యెక్కువగా కానవత్తురు. సాయంకాలమునకు ఆ దృశ్యములు ఎల్లారెడ్డి, బాన్సువాడ, పిట్లము ప్రాంతముల వాట్సాపు గ్రూపులనెల్ల నింపివేయును. మరునాటికి వానిని మరల చూచువాడుండడు. ఈ విషయమై ఒక మేనమామకును మేనల్లునకును నడచిన వాదము నిచట పొందుపరచుచున్నాను. మామ ఎల్లారెడ్డిలో ఫొటోస్టూడియో నడపి, పెండ్లి వీడియోలు తీయుటలోను, వానికి మిక్సింగు చేయుటలోను తల నెరసినవాడు. అల్లుడు బడిపంతులు, సెలవు దినములలో నిజాంసాగరు కథను, రూపాయి వెచ్చింపక, తన పాత ల్యాప్‌టాపుమీద ఒక చిన్న చిత్రముగా కూర్చుచున్నాడు. వారి మాటలు మనవైపు యాసలోనే సాగినవి. పత్రికకు తగునట్లు వానిని గ్రంథభాషలోనికి మార్చితినే గాని వాదములో నేను చేయి పెట్టలేదు, ఒకటి రెండు చోట్ల తప్ప.

మామ: నీ చిత్రమును రాత్రి చూచితినిరా అల్లుడా. కట్ట కనబడినది, నీళ్లు కనబడినవి, మాటలాడిన ముసలాయన పెదవులు కదలుటయు కనబడినది. వినబడినది మాత్రము గాలి. అదియుగాక, మొదటి నిమిషమున పెదవులకు సరిపోయిన మాట పదియవ నిమిషము వచ్చునప్పటికి వెనుకబడిపోయినది. పుణ్యానికి దొరకిన సాఫ్ట్‌వేరుతో చేసిన పని యిట్లుగాక మరెట్లుండును? మేము హైదరాబాదు పోయి, ఒకరి స్టూడియోలో క్యాసెట్లు మోసి, టీలు తెచ్చిపెట్టి, రెండు డెక్కులు ముందుంచుకొని ఒకదానిలో ప్లే, రెండవదానిలో రికార్డు నొక్కుచు ఈ పని నేర్చితిమి. నొక్కుట అరసెకను ఆలస్యమైనచో మరల మొదటినుండి చేయవలసినదే. మీకు సమస్తమును ఇంటిలో కూర్చుండగానే వచ్చిపడినది గనుక దాని బరువు తెలియదు.

అల్లుడు: మాట వెనుకబడుటకు కారణము వేరు మామా. మీ క్యాసెట్ కెమెరా సెకనుకు 25 ఫ్రేములని పట్టినచో రోజంతయు 25 ఫ్రేములే పట్టెడిది. ఫోను అట్టిది గాదు. చెట్టు నీడలోనికి పోయినపుడు వేగము తగ్గించును, వెలుతురులోనికి వచ్చినపుడు పెంచును, పైకి మాత్రము 30 అనియే చెప్పును. కూర్చెడి సాఫ్ట్‌వేరు వేగము సమానముగా నున్నదని నమ్మి లెక్క కట్టుటవలన, ఆ స్వల్పమైన తేడా పోగుపడి పది నిమిషములకు పెదవులకును మాటకును ఎడము కలుగును. షాట్‌కట్ అను కూర్పు సాఫ్ట్‌వేరులో ఇట్టి ఫైలును తెరచినపుడు, దీనిని కూర్పునకు అనువగు రూపములోనికి మార్చుదునా యని అదియే అడుగును. ఔనన్నచో ఆ పీడ వదలును. ఇక గాలిమాట. హైపాస్ ఫిల్టరుతో గాలి గర్జనలోని లోతైన స్వరములను కొంత కోసివేయవచ్చును. ఆడాసిటీ అను శబ్దపు సాఫ్ట్‌వేరులో మిగిలిన రొదను కొంత తగ్గింపవచ్చును. కాని మందుకంటె పథ్యము మేలు గదా. ఆయనను గోడచాటున కూర్చుండబెట్టి, రెండవ ఫోనును రికార్డింగులో నుంచి ఆయన అంగీజేబులో పెట్టినచో ఏ ఫిల్టరుతోను పనిలేదు. ఈ ఆదివారము అట్లే చేసి మరల తీసికొని వచ్చితిని.

మామ: జేబులో రికార్డరు పెట్టుట మా కాలపు విద్యయే, మీ సాఫ్ట్‌వేరుది గాదు. సరే, ఉచితమను మాటకు వత్తము. ఉచితముగా నిచ్చినవాడు ఎప్పుడైనను తీసికొనిపోవును. మైక్రోసాఫ్టువారు 2000లో విండోసుతోపాటు మూవీ మేకరును ఇచ్చిరి. ఎందరో పిల్లలు దానిమీద చేయి తిప్పుకొనిరి. 2017 జనవరిలో దానిని ఉపసంహరించుకొనిరి. పిమ్మట చైనా యాపులు వచ్చినవి; 2020 జూన్ మాసాంతమున ప్రభుత్వము 59 యాపులను ఒక్క దెబ్బకు నిషేధింపగా, టిక్‌టాక్‌మీదనే కూర్పు నేర్చిన మన ఊరి కుర్రవాండ్రందరు ఒక్కరాత్రిలో చేతులు తెగినవారైరి. ఇతరులు దయతలచి యిచ్చినదానిమీద వృత్తి నిలుచునా?

అల్లుడు: మీరు చెప్పిన రెండును ఉచితములే గాని, వాని తాళపుచెవులు కంపెనీల చేతిలో నుండినవి. నేను వాడుచున్న కెడెన్‌లైవ్ అట్టిది గాదు. 2002లో జేసన్ వుడ్ అను నతడు మొదలుపెట్టినది. అతడు వదలిన పిమ్మట జాన్-బాప్టిస్ట్ మార్డెల్ మొదలగువారు అందుకొని నేటివరకు నడపుచున్నారు. దాని మూలరచన సమస్తమును బహిరంగముగా నుండి, ఎవడైనను తీసికొని మార్చుకొని పంచుకొనవచ్చునను షరతుమీద వెలువడినది గనుక, రేపు వారందరు విసిగి మానుకొన్నను, ఇంకొకడు దానిని లేపి నిలుపవచ్చును. షాట్‌కట్, 2008లో మొదలైన ఓపెన్‌షాట్, ఈ రెండును ఆ కోవకు చెందినవే. డావిన్సీ రిజాల్వ్ వేరు. అది సినిమా పరిశ్రమ వాడెడి గొప్ప పనిముట్టు, దాని ఉచితప్రతి కూడ శక్తివంతమైనదే, కాని దాని తాళము కంపెనీదే. ఇంకొకమాట అడుగుదును, కోపపడకుడు. మన ప్రాంతపు స్టూడియోలలో నడచుచున్న ఖరీదైన సాఫ్ట్‌వేరులలో నిజముగా కొన్నవెన్ని?

మామ: (నవ్వి) ఆ లెక్క అడుగవలదు, అడిగినచో ఊరిలో ఒక్క షట్టరైనను తెరచియుండదు. కాని దొంగప్రతితోనైనను నేను పని చేసితిని, నీవు దొరతనపు ప్రతితో ఆటలాడుచున్నావు. పనిముట్టుమాట అటుంచి పనిమాట చెప్పు. కోయుట యెచటనో నీకెవరు నేర్పిరి?

అల్లుడు: విసుగు నేర్పినది మామా. మీ పెండ్లి క్యాసెట్టు మూడు గంటలు. అందులో చదివింపులే ముప్పావుగంట. ఫలానా ఊరి ఫలానావారు వేయినూటపదహార్లు, ఫలానావారు స్టీలు బిందె యని మైకులో చదువుచుండగా, ఒకరి వెనుక నొకరు వచ్చి, కవరు చేతబట్టి కెమెరావైపు చూచి, పోవుచుందురు. అదియంతయు కోసి, పది క్షణములకు తెచ్చినచో లోకము మునుగునా?

మామ: ఇచటనే నీకును నాకును పడదు. మునుగును. విను. క్యాసెట్టు ఇంటికి చేరిన నాడు ఆ యింటివారు మొట్టమొదట వేయించుకొని చూచెడి భాగము ఏదనుకొంటివి? తాళికట్టు గాదు, చదివింపులే. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, ఏ అన్న భార్య ఏ చీర కట్టినది, ఏ బావమరది పేరు చదువునపుడు మొగము త్రిప్పుకొన్నాడు; ఇదియంతయు అందులో నున్నది. ఒకమారు ఒక ఇంట పెండ్లిలో పిల్ల మేనమామ నిలిచిన దృశ్యము, వెలుతురు చాలక నల్లగా వచ్చినదని నేను తీసివేసితిని. ఆయన క్యాసెట్టు చూచి, నన్ను గాదు, తన చెల్లెలిని నిలదీసినాడు: నన్ను తీసివేయుమని నీవే చెప్పియుందువని. అన్నాచెల్లెండ్ర నడుమ మాటలు నిలిచిపోయినవి. ఆ నల్లని దృశ్యమును మరల అతికించి, ఆయన ఇంటికి నేనే తీసికొనిపోయి ఇచ్చిన పిమ్మటగాని వారు కలియలేదు. కత్తెర పట్టినవాడు ఎచట కోయవలెనో తెలిసికొనుటకు ముందు, కోసినచో ఎవరికి నొప్పి కలుగునో తెలిసికొనవలెను. ఇది ఏ మెనూలో నున్నది?

ఇచట అల్లుడు కొంతసేపు ఊరకుండెను. నాకును ఆ నల్లని దృశ్యము మనస్సున నాటినది. ఎడిటింగును గూర్చి వ్రాయువారు లయ, వేగము, ఉత్కంఠ అని చెప్పుదురే గాని, బంధుత్వమును గూర్చి చెప్పినవారిని నేను చదువలేదు.

అల్లుడు: ఆ మాట ఒప్పుకొనుచున్నాను. ఒప్పుకొని, దానినే నా వాదమునకు ఆధారముగా చేసికొనుచున్నాను. ఎవరికి నొప్పి కలుగునో తెలిసినవాడెవడు? హైదరాబాదులో నూరు పెండ్లిండ్లకు మిక్సింగు చేయువానికి ఆ మేనమామ ఒక నల్లని నీడ మాత్రమే. ఆ యింటి పిల్లవానికి ఆయన మేనమామ. కావున ఆ యింటి పిల్లవాని చేతనే కత్తెర యుండవలెనని మీ కథయే చెప్పుచున్నది. ఇక రెండవది. మీరు అతికించుటకు ఆ దృశ్యము మీ క్యాసెట్టులో మిగిలియుండబట్టి సరిపోయినది. కెడెన్‌లైవులో, షాట్‌కట్టులో నేనెన్ని కోతలు కోసినను నా ఫోనులో తీసిన ఫైలు చెక్కుచెదరదు. ప్రాజెక్టు ఫైలును తెరచి చూచినచో అందులో బొమ్మ యొక్కటియు నుండదు. ఏ ఫైలు, ఏ ఫ్రేము మొదలు ఏ ఫ్రేమువరకు, దానిపై ఏ ఫిల్టరు అను అక్షరములు మాత్రమే యుండును. కిరాణాదుకాణపు చిట్టావంటిదనుకొనుడు, చిట్టాలో గీతలు కొట్టినంత మాత్రమున గోదాములోని బస్తాలు తరుగవు. అందుచేత ఒకే సరుకుతో రెండు చిట్టాలు వ్రాయవచ్చును. చదివింపులన్నియు నుండెడి మూడు గంటల చిత్రము ఇంటివారికి. ఎనిమిది నిమిషములది పొరుగువారికి. మీ రెండు డెక్కుల కాలమున ఈ రెండవ చిత్రమునకు ఇంకొక వారము పట్టెడిది గనుక మీరు చేయలేదు. అంతేగాని చేయరాదని గాదు.

మామ: గోదాములోని బస్తాలు తరుగవందువు గాని, నీవంటివారు గోదామునే మార్చివేయుదురు. మొన్న ఒక పిల్లవాడు ల్యాప్‌టాపు తెచ్చి, మామా నా చిత్రమంతయు ఎఱ్ఱనైపోయినదని ఏడ్చినాడు. చూడగా, ఫోనులోని వీడియోలను మెమరీకార్డు నుండి నేరుగా కూర్పులోనికి లాగి, పని ముగియకముందే కార్డు తుడిచివేసినాడు.

అల్లుడు: అందుకే మా బడిపిల్లలకు మొదట నేర్పినది కోత గాదు. ఒక ఫోల్డరు తెరచి, వీడియోలు, శబ్దములు, బొమ్మలు, ప్రాజెక్టు ఫైలు అన్నియు అందులో పెట్టి, దాని చోటు మార్పకుండుట; ఇంకొక ప్రతిని పెన్‌డ్రైవులో నుంచుట. ప్రాజెక్టును సేవు చేయుట వేరు, చూపదగిన ఎం.పి.4గా ఎగుమతి చేయుట వేరని చెప్పుట. ఈ రెండు తెలిసినచో సగము ఏడ్పులు తగ్గును. మిగిలిన సగము ల్యాప్‌టాపు మెల్లగా నడచుటచేత వచ్చునవి. వానికి ప్రాక్సీ యున్నది. పెద్ద వీడియోకు చిన్న నకలును సాఫ్ట్‌వేరే తయారుచేసి, కూర్చునంతసేపు ఆ నకలును నడపి, ఎగుమతి చేయునపుడు అసలుదానిని వాడును. పాత యంత్రముమీద పని చేయువానికి ఇంతకంటె ఉపకారము లేదు.

మామ: హంగులు? నీ చిత్రములో ఒక బొమ్మ ఇంకొకదానిలో కరగిపోవు డిజాల్వు ఒక్కటికూడ లేదేమి?

అల్లుడు: మీరు హృదయాకారములు, గులాబిరేకులు, పుస్తకపు పుటలు త్రిప్పుటలు వాడి వాడి మాకు మిగిల్చినదేమున్నది? నేను కోత మాత్రమే వాడితిని. ఒక్కటి నేర్చితిని: ముసలాయన మాట రెండు సెకనులు ముందుగా మొదలై, అప్పటికింకను తెరమీద నీళ్లే యుండి, పిదప ఆయన మొగము వచ్చినచో, చూచువాడు కోతను గమనింపడు. బొమ్మను, శబ్దమును వేర్వేరు ట్రాకులుగా విడదీసి, శబ్దమును ముందునకు జరుపుటయే. రెండు నిమిషముల పని.

మామ: (కొంత మెత్తబడి) అది బాగున్నది, నేనును గమనింపలేదు. అయినను నా భయము కోతను గూర్చి గాదు, కూర్పును గూర్చి. ఒక దృశ్యము వెనుక ఇంకొకటి పెట్టుటలో అబద్ధమున్నది. అప్పగింతలలో పిల్ల యేడ్చును. ఆ వెనుకనే అత్తగారి నవ్వుమొగము పెట్టి చూడుము. ఆమె నవ్వినది మధ్యాహ్నము పంక్తిలో, ఎవరితోనో ఏదో ముచ్చటాడుచు. కాని చిత్రము చూచినవాడు, కోడలు ఏడ్చుచుండగా అత్త నవ్వినదనుకొనును. నవ్వు నిజము, ఏడ్పు నిజము, చిత్రము మాత్రము అబద్ధము.

అల్లుడు: దీనినే రష్యాదేశమున కులెషోవ్ అనునతడు నూరేండ్లక్రిందట పరీక్షించి చూపినాడు మామా. ఏ భావమును లేని ఒక నటుని మొగమును, ఒకమారు గిన్నెడు సూపు ప్రక్కను, ఒకమారు శవపేటిక ప్రక్కను పెట్టగా, చూచినవారు ఆ మొగమున ఆకలిని, దుఃఖమును చదివిరట. మీరు ఎల్లారెడ్డి ఫంక్షన్‌హాలులో సొంతముగా కనుగొన్నారు.

మామ: అతడు పరీక్షించినాడేమో, నేను తిట్లు తినకుండ తప్పించుకొన్నాను. కాని నేడు చూడుము. వరదవచ్చిన ప్రతిసారి ఏమి జరుగుచున్నది? 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి నెరుగుదువు. పోచారము జలాశయపు కట్ట నిలుచునో నిలువదో యని ఊళ్లకూళ్లే నిద్రలేక కూర్చున్నవి. అట్టి రాత్రులందు, ఏ యేటిదో, ఏ రాష్ట్రపుదో తెలియని గండి దృశ్యమును తెచ్చి, ముందు వెనుకలు కోసి, అడుగున మన ఊరి పేరు వ్రాసి పంపువాని చేతిలోనిది కూడ ఉచిత సాఫ్ట్‌వేరే గదా. మాకు డబ్బిచ్చిన ఇంటివారు ఎదుట నుండిరి. తప్పు చేసినచో గల్లపట్టి అడిగెడివారు. ఈతని నడుగువాడెవడు?

అల్లుడు: అడుగవలసినదే. కాని చిత్రము కూర్చుట చేతనైనవాడు ఇతరులు కూర్చిన మోసమును తొందరగా పట్టుకొనును. మా బడిలో పిల్లలు ఒక్కమారు తమంతట తాము కూర్చిన పిమ్మట, వచ్చిన ప్రతి వీడియోను ఎచట కోసిరి సారూ అని చూచుచున్నారు. నేను వారికి పెట్టిన నియమము ఒకటే: ప్రతి దృశ్యముమీద తీసిన తేది, ఊరు తెలుగులో వ్రాయవలెను. ఒకప్పుడు తెలుగు వ్రాసినచో ఒత్తులన్నియు విడిపోయి పడెడివి. ఇపుడు యూనికోడు ఫాంటు వేసినచో కుదురుగనే వచ్చుచున్నవి. మన ప్రాంతపు మాటను మనమే తీసి మనమే కూర్చినచో లోకము చూడదందురా? జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన మై విలేజ్ షోను చూడుడు. గంగవ్వ కూలిపని చేసికొన్న మనిషి. ఊరి కుర్రవాండ్రు తీసి కూర్చిన చిత్రములలోనుండియే గదా ఆమె తెలుగునాడంతట ప్రతి యింటికి తెలిసినది.

మామ: వారు ఏండ్ల తరబడి విడువక చేసిరి; అది మరువకుము. సరే, నీ చిత్రమునకు వత్తము. 1923లో నిజాంసాగరు పని మొదలిడి 1931లో ముగించిరనియు, నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ఇంజనీరనియు, ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారనియు ఒక్క బిగువున చదివితివి. బడిపాఠమువలె నున్నది. ఆ తరువాత, కట్టినపుడు ముప్పదికి చేరువగా నుండిన టి.ఎం.సి.లు పూడికచేత పదునెనిమిదికి దిగినవని చెప్పుచు, తెరమీద ఏమి చూపితివి? నీళ్లు, మరల నీళ్లు, డ్రోను నుండి నీళ్లు.

అల్లుడు: పూడిక నీటిక్రింద నున్నది మామా. కనబడనిదానిని ఎట్లు చూపుదును?

మామ: నీళ్లు కొలుచు కొలబద్ద యున్నది గదా, అంకెలు వ్రాసి. నిండినపుడు 1405 అడుగులు. దానిని తీయుము, కెమెరా కదపకుము. ముసలాయన తన చిన్ననాట నీరెంతకాలము నిలిచెడిదో, రెండవ పంటకు ఏ ఊరివరకు పారెడిదో చెప్పినాడు గదా. ఆ మాటను దీనిక్రింద పరచుము. పది సెకనులు కోయకుము. నీవు కోతలు నేర్చితివి. కోయకుండ కూర్చుండుట ఇంకను నేర్వలేదు. చూచువాడు మొదట అంకెను చదువును, పిదప నీటిని చూచును, పిదప నీటిక్రింద ఏమున్నదో తానే ఆలోచించును.

అల్లుడు ఆ మాటను కాగితముపై వ్రాసికొనెను. నా అభిప్రాయమున, ఆ మధ్యాహ్నము పలికిన మాటలలో కొనదగినది ఇదియే. దీనిని ఏ కంపెనీయు అమ్ముట లేదు.

అల్లుడు: ఇంకొక ప్రార్థన. మీ స్టూడియో అల్మారలో నున్న క్యాసెట్లు నాకీయుడు. అందులో పెండ్లిండ్లు మాత్రమే యున్నవని మీరనుకొనుచున్నారు. బారాత్ వెనుక నున్న ఆ బజారు నేడు లేదు. ఆ కచ్చురమునెక్కిన వారిలో సగముమంది లేరు. బతుకమ్మ ఆడిన ఆ చెరువుకట్ట లేదు. వి.సి.ఆర్. నుండి యు.ఎస్.బి. క్యాప్చరు కార్డుమీదుగా ఓ.బి.ఎస్. స్టూడియో అను సాఫ్ట్‌వేరులో రికార్డు చేసినచో చాలును. క్యాసెట్టు ఎంతసేపు నడచునో అంతసేపే పట్టును.

మామ: అవి వారివారి ఇండ్ల సొత్తురా. ముందు ఇంటింటికి పోయి అడుగుము, ఔనన్నవారివే చేయుము. చేసినపుడు చదివింపులు కోయకుము. వి.సి.ఆర్. నాయొద్దనే యున్నది, హెడ్డు నేను తుడిచి యిత్తును, నీవు ముట్టుకొనకుము.

వారి మాటలు అచటికి నిలిచినవి. నిజాంసాగరు, ఎల్లారెడ్డి ప్రాంతముల పాఠకులకు నాదొక మనవి. మీ ఇంటి బీరువాలో వి.హెచ్.ఎస్., మినీ డి.వి. క్యాసెట్లున్నచో, టేపు బూజుపట్టి అతుకుకొనకముందే, కూర్చుట చేతనైన మీ ఇంటి పిల్లవానికో, పరిసరములలోని స్టూడియోవానికో చూపుడు. కూర్చెడి సాఫ్ట్‌వేరు రేపును దొరకును; క్యాసెట్టును నడపెడి యంత్రము దొరకదు. వి.సి.ఆర్.లను చిట్టచివరివరకు తయారుచేసిన జపానుదేశపు ఫునాయ్ కంపెనీ 2016 జూలైలోనే ఆ పనిని మానుకొన్నది.